పోరాటంలో ఒంటరిగా ఉండకండి



ఇవి శ్రమల దినాలు. చాలా సంఘాల్లో సాయంత్రం పూట కూడికలు జరుగుతున్నాయి. కొందరు ఉపవాసం ఉంటున్నారు. మన ప్రభువు అరణ్యంలో 40 రోజులు శోధన ఎదుర్కొన్న సంగతిని ఈ రోజుల్లో మనం ధ్యానిస్తాం. అందుకే ఈ ఉదయం మీతో ఒక్క విషయం మాట్లాడాలనుకున్నాను. పోరాటం వచ్చినప్పుడు విశ్వాసి ఎలా నిలబడాలి?

వాక్యం చదవాలి. ప్రార్థన చెయ్యాలి. ఆరాధన మానకూడదు. ఇవన్నీ మీకు తెలుసు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నవే. వాటి గురించి మీ పాస్టరు గారు ప్రతి వారం చెబుతూనే ఉంటారు. నేను ఇవాళ ఒక్క మాట మాత్రమే చెబుతాను. తేలికగా గుర్తుండే మాట. మీ పోరాటాన్ని ఒంటరిగా మొయ్యకండి. నమ్మదగిన ఒక్క విశ్వాసికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ మనిషితో కలిసి ప్రార్థన చెయ్యండి.

ఇంకోసారి చెబుతాను. ఒంటరిగా మొయ్యకండి. ఒక్కరికి చెప్పండి. కలిసి ప్రార్థన చెయ్యండి.

పోరాటం అంటే ఏదో పెద్ద హింస, జైలు, రాళ్ల దెబ్బలు అనే అనుకోకండి. మన ఇళ్లల్లో ఉన్న సంగతులే చూడండి. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడున్నాడు. రాత్రి గదిలో లైటు ఆర్పాక ఫోను తీస్తాడు. చూడకూడనివి చూస్తాడు. చూశాక ఏడుస్తాడు. ఇక చూడను ప్రభువా అని మొక్కుకుంటాడు. మూడో రోజు మళ్లీ అదే. ఆదివారం ఆరాధనలో గిటారు వాయించేది ఆ కుర్రాడే. ఎవరికి చెప్పుకుంటాడు?

కోనసీమ నుంచో కడప నుంచో కువైట్ వెళ్లి ఒకరింట్లో పని చేస్తున్న అమ్మ ఉంది. పిల్లలు ఇక్కడ ఉన్నారు. ఆమె అక్కడ ఉంది. శుక్రవారం సెలవు దొరికితే ఆరాధనకు వెళుతుంది. దొరక్కపోతే వంటగదిలోనే నిలబడి పాట పాడుకుంటుంది. దేవుడు నన్ను మరిచిపోయాడేమో అనే ఆలోచన ఆమెకు రోజూ వస్తుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం బాగున్నానమ్మా అంటుంది.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఉన్నాడు. సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచీ బైబిలు తెరవలేకపోతున్నాడు. కానీ ఆయన సంఘ పెద్ద. కానుకల సంచి పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. చివరికి మీ పాస్టరు గారి పరిస్థితి కూడా ఇలాగే ఉండొచ్చు. వారానికి మూడు ప్రసంగాలు చెబుతారు. ఆయన సొంత ప్రార్థన మాత్రం ఎండిపోయింది. సంఘానికి చెబితే ఏమనుకుంటారో అని ఆయన భయం.

వీళ్ల కష్టాలు వేరు. వీళ్లు చేస్తున్న పని మాత్రం ఒక్కటే. లోపలే దాచుకుంటున్నారు.

ఎందుకు దాచుకుంటాం? సాక్ష్యం పోతుందని భయం. మన కూడికల్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు గమనించండి. జబ్బు తగ్గినవాళ్లు లేచి చెబుతారు. ఉద్యోగం వచ్చినవాళ్లు చెబుతారు. తాగుడు మానేసినవాళ్లు చెబుతారు. చెప్పాలి, దేవుణ్ణి స్తుతించాలి. కానీ ఇంకా జబ్బుతో ఉన్నవాళ్లు, ఇంకా తాగుడు మానలేక ఏడుస్తున్నవాళ్లు లేచి నిలబడటం మనం ఎప్పుడైనా చూశామా? గెలిచినవాళ్ల మాటలే వింటూ ఉంటే, పోరాడుతున్నవాడికి ఏమనిపిస్తుంది? ఈ సంఘంలో నేనొక్కణ్ణే ఇలా ఉన్నాను అనిపిస్తుంది. ఆ ఆలోచనే అపవాది చేతికి మనం ఇచ్చే మొదటి అవకాశం.

ఇప్పుడు ఏలీయా ప్రవక్త దగ్గరికి వెళదాం. రాజుల మొదటి గ్రంథం 18, 19 అధ్యాయాలు. కర్మెలు పర్వతం మీద ఆయన బయలు ప్రవక్తలు 450 మంది ఎదుట ఒక్కడే నిలబడ్డాడు. ఆకాశం నుంచి అగ్ని దిగింది. వర్షం కురిసింది. అంత పెద్ద విజయం. ఆ వెంటనే యెజెబెలు రాణి కబురు పంపింది, నిన్ను చంపిస్తానని. ఒక్క కబురు. అంతటి ప్రవక్త ప్రాణభయంతో పారిపోయాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. మనం చదువుతూ దాటిపోతాం. ఏలీయా బెయేర్షెబా దాకా వచ్చాడు. ఆయనతో ఒక పనివాడు ఉన్నాడు. కర్మెలు మీద వర్షం కోసం ప్రార్థించినప్పుడు సముద్రం వైపు చూసి రమ్మని ఏలీయా పంపించాడే, పనివాడు ఏడుసార్లు వెళ్లి వచ్చాడే, గుర్తుందా? ఏలీయా తన పనివాణ్ణి బెయేర్షెబాలోనే ఉంచేశాడు. తాను ఒక్కడే అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణమంత దూరం వెళ్లాడు. ఒక చెట్టు కింద కూర్చున్నాడు. ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు.

వరస చూశారా? ముందు తోడున్న మనిషిని వదిలేశాడు. తర్వాత ఒంటరిగా నడిచాడు. ఆ తర్వాత చావు కోరుకున్నాడు. మన జీవితాల్లోనూ వరస ఇదే. ముందు ఫోను ఎత్తడం మానేస్తాం. తర్వాత వారం మధ్య కూడికకు వెళ్లడం మానేస్తాం. తర్వాత ఆదివారం వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాకుండానే బయటికి వచ్చేస్తాం. ఎవరైనా పలకరిస్తారేమో అని భయం. ఆ తర్వాత వచ్చే ఆలోచనలు చాలా చీకటిగా ఉంటాయి.

దేవుడు ఏలీయాతో ఏం చేశాడు? కోప్పడలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఇచ్చాడు. ఏలీయా మళ్లీ పడుకున్నాడు. దేవుడు మళ్లీ లేపి పెట్టించాడు. తర్వాత హోరేబు కొండ దాకా 40 రోజులు నడిపించాడు. అక్కడ కూడా ఏలీయా ఒకే మాట అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేనొక్కణ్ణే మిగిలాను అన్నాడు.

నిజంగా ఒక్కడే మిగిలాడా? కర్మెలు సంగతికి ముందే ఓబద్యా అనే భక్తుడు ఆయనకు ఎదురై చెప్పాడు. నూరుమంది ప్రవక్తల్ని గుహల్లో దాచి, అన్నపానాలు ఇచ్చి పోషించానని చెప్పాడు. ఏలీయా చెవులారా విన్నాడు. విని కూడా మరిచిపోయాడు. ఒంటరితనం అలాంటిది. విన్న సంగతిని కూడా మరిపిస్తుంది. అప్పుడు దేవుడు ఆయనకు చెప్పినవాటిలో రెండు సంగతులు చూడండి. బయలుకు మోకరించనివాళ్లు ఇశ్రాయేలులో ఏడువేల మంది ఉన్నారు అన్నాడు. వెళ్లి ఎలీషాను అభిషేకించు అన్నాడు. అంటే, ఏడువేల మంది ఉన్నారని తెలియజేశాడు. ఒక్క మనిషిని మాత్రం పక్కన నడవడానికి ఇచ్చాడు. మనకు కావలసింది కూడా అదే. సంఘం అంతటికీ చెప్పనక్కర్లేదు. పక్కన నడిచే ఒక్క మనిషి చాలు.

ఒక పోలిక చెబుతాను. రావులపాలెం చుట్టుపక్కల అరటితోటలు మీలో చాలామంది చూసే ఉంటారు. గెల వేసిన చెట్టుకు రైతు వెదురు గెడతో ఊతం పెడతాడు. గెల ఏ వైపు ఒరిగిందో చూస్తాడు. ఆ వైపు గెడ కింది మొనను నేలలో గట్టిగా దించుతాడు. పైభాగాన్ని గెల మెడ దగ్గర ఆనించి, తాడుతో కడతాడు. మరీ బిగించి కడితే చెట్టు కోసుకుపోతుంది. వదులుగా కడితే గాలికి జారిపోతుంది. అందుకే కట్టిన తర్వాత ఒకసారి చేత్తో ఊపి చూస్తాడు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఊతం ఏ చెట్టుకు పెడతారు? గొడ్డు చెట్టుకు పెట్టరు. గెల వేసిన చెట్టుకే పెడతారు. ఫలించే చెట్టు మీదే బరువు ఉంటుంది. కాబట్టి నాకు ఊతం కావలసి వచ్చిందంటే నా విశ్వాసం బలహీనమైపోయింది అనుకోకండి. అలాగే, ఊతం ఎప్పుడు పెడతారు? గాలివాన మొదలయ్యాక గెడ పట్టుకుని తోటలోకి పరుగెత్తే రైతు ఉండడు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే పెట్టేస్తాడు. మీకు ఈరోజు పోరాటం ఏమీ లేకపోవచ్చు. దేవుడికి స్తోత్రం. మీ మనిషిని ఎంచుకోవలసింది ఇప్పుడే.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. దేవుడు ఉండగా మనుషుల ఊతం ఎందుకండీ, ఆయన చాలడా అని. మంచి ప్రశ్న. దానికి మన ప్రభువు దగ్గరే జవాబు ఉంది.

గెత్సేమనే తోటకు వెళ్లండి. సిలువకు ముందు రాత్రి. ప్రభువు తన శిష్యుల్లో ముగ్గుర్ని వెంట తీసుకుని లోపలికి వెళ్లాడు. పేతురు, యాకోబు, యోహాను. వాళ్లతో దాచకుండా చెప్పాడు. నా ప్రాణం చావంతటి దుఃఖంలో ఉంది, ఇక్కడే ఉండి నాతో కలిసి మెలకువగా ఉండండి అని అడిగాడు. ఎవరు అడుగుతున్నారు? దేవుని కుమారుడు. ఎవర్ని అడుగుతున్నాడు? చేపలు పట్టుకునే మనుషుల్ని. తండ్రి చాలడని ఆయన అలా అడిగాడా? లేదు. ఆ వెంటనే కొంచెం ముందుకు వెళ్లి, నేలమీద పడి, తండ్రికే ప్రార్థించాడు. రెండూ చేశాడు. తండ్రికి మొరపెట్టాడు. మనుషుల్ని తోడు అడిగాడు. ప్రభువే అడిగినప్పుడు, అడగడానికి మనకు సిగ్గెందుకు?

ఆ ముగ్గురూ నిద్రపోయారు. అది కూడా దాచకుండా చెప్పుకోవాలి. మీరు ఎంచుకున్న మనిషి కూడా ఒకరోజు నిద్రపోవచ్చు. ఫోను ఎత్తకపోవచ్చు. మరిచిపోవచ్చు. ప్రభువు అప్పుడేం చేశాడు? మూడుసార్లు లేచి వాళ్ల దగ్గరికి వచ్చాడు. విడిచిపెట్టలేదు. తండ్రి దగ్గర ప్రార్థన కూడా ఆపలేదు. మనిషి తప్పిపోయినా దేవుడు తప్పిపోడు. ఆ నమ్మకం ఉంటేనే మనిషి దగ్గర మనం నిబ్బరంగా మనసు విప్పగలం.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మనందరికీ ఇష్టం. సర్వాంగ కవచం గురించి పిల్లలతో బొమ్మలు వేయిస్తాం. నీతి అనే మైమరువు, విశ్వాసం అనే డాలు, రక్షణ అనే శిరస్త్రాణం. ఆ కవచం దగ్గరే ఆగిపోతాం. దాని తర్వాత పౌలు ఏం రాశాడో చూడండి. పరిశుద్ధులందరి కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. నా కోసం కూడా చెయ్యండి, నేను ధైర్యంగా మాట్లాడగలిగేలా అన్నాడు. అప్పటికి ఆయన సంకెళ్లలో ఉన్నాడు. కవచం గురించి అందరికీ నేర్పిన మనిషి, నా కోసం ప్రార్థించండి అని అడిగాడు. అంత పెద్ద అపొస్తలుడికి ఆ అవసరం ఉంటే మనకు లేకపోతుందా?

మన తెలుగు నేల మీద జరిగిన సంగతి ఒకటి చెబుతాను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని మొదలై ఏళ్లు గడిచాయి. ఫలితం పెద్దగా కనబడలేదు. 1853లో ఆ మిషను పెద్దలు అమెరికాలో కూర్చుని, ఈ పని మూసేద్దామా అని చర్చించారు. మూసెయ్యలేదు కానీ, దానికి ఒంటరి నక్షత్రం అనే పేరు మిగిలిపోయింది. అంత నిరుత్సాహంగా ఉన్న రోజులవి.

ఆ మిషనులో లైమన్ జూయెట్ అనే సేవకుడున్నారు. 1854 కొత్త సంవత్సరం నాటి తెల్లవారుజామున ఆయన ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. ఒక్కరే ఎక్కలేదు. ఆయన భార్య ఉన్నారు. క్రిస్టియన్ నర్సు అనే తెలుగు సహోదరుడు ఉన్నాడు. జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు సహోదరీలు ఉన్నారు. మొత్తం ఐదుగురు. కింద ఊళ్లు కనబడుతున్నాయి. వాటి కోసం, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. జవాబు మర్నాడు రాలేదు. జాన్ క్లౌ అనే సేవకుడు ఒంగోలుకు కాపురం వచ్చింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలులో ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

నేను మీకు గుర్తు చేయాలనుకున్నది ఆ పెద్ద అంకె కాదు, ఐదు అనే చిన్న అంకె. పని మూసేస్తారేమో అన్న రోజుల్లో జూయెట్ గారు గదిలో తలుపులు వేసుకుని ఒంటరిగా కుమిలిపోలేదు. అమెరికా నుంచి వచ్చిన దంపతులు, పేరుప్రతిష్ఠలు లేని ముగ్గురు తెలుగు విశ్వాసులు, అందరూ పక్కపక్కన మోకరించారు. పన్నెండేళ్లు నిలబడటానికి ఆ తోడు వాళ్లకు బలమిచ్చింది.

ఇక పనిలోకి వద్దాం. ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి? విన్నవాళ్లు ఏం చెయ్యాలి? ఒక్కొక్కటే చెబుతాను.

ఎవరికి చెప్పాలి? స్త్రీలైతే ఒక స్త్రీకి చెప్పుకోండి. పురుషులైతే ఒక పురుషుడికి చెప్పుకోండి. ప్రార్థన చేసే మనిషి అయి ఉండాలి. మాట దాచగల మనిషి అయి ఉండాలి. ఇది ఎలా తెలుస్తుంది? ఆ మనిషి మీ దగ్గర ఇంకొకరి గుట్టు ఎప్పుడైనా విప్పిందా? విప్పితే మీ గుట్టు కూడా ఇంకొకరి దగ్గర విప్పుతుంది. అక్కడ చెప్పకండి. మీ కష్టం వినగానే, నీ పాపం వల్లే వచ్చింది అని తీర్పు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. డబ్బు అడిగి ప్రవచనం చెప్పేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లకండి. గొప్ప ప్రసంగీకులు అక్కర్లేదు. బాగా చదువుకున్నవాళ్లు అక్కర్లేదు. కుట్టుమిషను దగ్గర కూర్చునే పక్కింటి అక్క అయినా చాలు. రిటైరైన మాస్టారు అయినా చాలు.

ఎలా చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చాలామంది ప్రార్థన విన్నపం అడిగేటప్పుడు, నా కోసం ప్రార్థన చెయ్యండి బ్రదర్, కొంచెం ఇబ్బందిగా ఉంది అంటారు. ఏ ఇబ్బందో చెప్పరు. వినేవాళ్లకు ఏం ప్రార్థించాలో తెలియదు. ఆ కుర్రాడు ఇలా చెప్పాలి. అన్నా, రాత్రిపూట ఫోనులో చూడకూడనివి చూస్తున్నాను. మానలేకపోతున్నాను. నువ్వు నాతో ప్రార్థన చెయ్యి. ప్రతి శనివారం నన్ను అడుగు. అంతే. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలూ నోట్లోంచి వచ్చేటప్పుడు గుండె దడదడలాడుతుంది. వచ్చేశాక బరువు దిగుతుంది. దాచినంత కాలమే శోధనకు అంత బలం. వెలుగులోకి తెచ్చాక దాని పట్టు సడలుతుంది.

ఆ బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఇలా చెప్పాలి. బాబాయ్, నాకు దేవుడి మీద కోపంగా ఉంది. బైబిలు తెరవలేకపోతున్నాను. కొన్నాళ్లు నా బదులు నువ్వు చదివి వినిపించు. ఆ మాట చెబితే విశ్వాసం పోయినట్టు కాదు. యోబు దేవుడితో ఎంత గట్టిగా మాట్లాడాడో మీకు తెలుసు. దేవుడు యోబును విడిచిపెట్టలేదు.

ఇప్పుడు విన్నవాళ్ల సంగతి. ఇది చాలా ముఖ్యం. శ్రద్ధగా వినండి. ఎందుకంటే ఈరోజు చెప్పుకునేవాళ్లు మీరు కాకపోతే, వినవలసినవాళ్లు మీరే కావచ్చు. యోబు ముగ్గురు స్నేహితులు మొదట ఒక మంచి పని చేశారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు ఆయనతో కలిసి నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన బాధ ఎంత పెద్దదో వాళ్లకు కనబడింది. వాళ్ల తప్పంతా నోరు తెరిచాకే మొదలైంది. కాబట్టి ముందు వినండి. పూర్తిగా వినండి. సలహా తొందర వద్దు.

మా సంఘంలో ఇద్దరు పెద్దమ్మలున్నారు. ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళుతుంటే, వాళ్లిద్దరూ చాప చివర్న కూర్చుంటారు. ఒకామె కొడుకు తాగుడు మానలేకపోతున్నాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ వారం జరిగింది చెబుతుంది. రెండో ఆమె ఆ తల్లి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వింటుంది. ఊ కొడుతుంది. మధ్యలో ఒక్క మాట అనదు. చెప్పడం అయ్యాక ముసుగు సర్దుకుని అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెడుతుంది. ప్రార్థనలో ఆ కొడుకు పేరు చెబుతుంది. వెళ్లేటప్పుడు, బుధవారం ఫోను చేస్తానే అంటుంది. బుధవారం చేస్తుంది. కొడుకు ఇంకా మానలేదు. ఆ తల్లి మాత్రం విశ్వాసంలో నిలబడి ఉంది.

చూశారా ఆమె ఏం చేసిందో? విన్నది. వెంటనే ప్రార్థించింది. మళ్లీ అడిగింది. ఎవరికీ చెప్పలేదు. మీ దగ్గరికి ఎవరైనా వస్తే మీరూ ఇంతే చెయ్యండి. ఇంటికెళ్లి ప్రార్థన చేస్తాలే అని పంపించకండి. మనం మరిచిపోతాం. అక్కడికక్కడే చెయ్యండి. ఫోనులో అయితే ఫోనులోనే చెయ్యండి. కువైట్‌లో ఉన్న మీ చెల్లెలు బాగున్నానక్కా అంటే అక్కడితో ఆపకండి. నిజం చెప్పవే, ఎలా ఉన్నావు అని ఇంకోసారి అడగండి. రెండోసారి అడిగితేనే చాలామంది నిజం చెబుతారు.

పాస్టరు గారికి కూడా ఒక మనిషి కావాలి. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరిగినప్పుడు మోషే కొండమీద చేతులు ఎత్తి నిలబడ్డాడు. చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి సూర్యుడు అస్తమించే దాకా ఆయన చేతులు పట్టుకున్నారు. సంఘ పెద్దలారా, మీ పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, అయ్యగారూ, మీ కోసం ఏం ప్రార్థించమంటారు అని ఎప్పుడైనా అడిగారా? ఈ వారం అడగండి. అయ్యగార్లారా, వాళ్లు అడిగినప్పుడు అంతా బాగుంది అని పంపెయ్యకండి. వేరే సంఘంలో ఉన్న ఒక సేవకుడితోనైనా మనసు విప్పుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని బరువులు ప్రార్థనతో పాటు వైద్యం కూడా కోరతాయి. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సయించకపోతే, చావాలనే ఆలోచన వస్తుంటే, అది విశ్వాసం తక్కువై వచ్చిందని అనుకోవద్దు. దేవుడు ఏలీయాకు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు. శరీరం కూడా ఆయన చేసిందే. డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే సేవ ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రయినా ఫోను చెయ్యవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మీరు ఎంచుకున్న మనిషిని తోడు తీసుకుని వెళ్లండి.

అమ్మా, ఇంట్లో దెబ్బలు తింటూ, ఓర్చుకోవడమే విశ్వాసం అనుకుంటున్నారా? నిలబడటం అంటే దెబ్బలకు ఒళ్లు అప్పగించడం కాదు తల్లీ. చెప్పండి. సంఘంలో ఒక పెద్దమ్మకు చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పండి. దేవుడు మీ ప్రాణాన్ని విలువైనదిగా చూస్తాడు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్కసారి కూడగట్టుకుందాం. ఏలీయా తోడున్నవాణ్ణి విడిచి ఒంటరిగా వెళ్లి చావు కోరుకున్నాడు, దేవుడు ఆయనకు ఎలీషాను ఇచ్చాడు. మన ప్రభువు గెత్సేమనేలో ముగ్గుర్ని తోడు అడిగాడు. పౌలు సంకెళ్లలో ఉండి ప్రార్థన అడిగాడు. ఒంగోలు కొండ మీద ఐదుగురు కలిసి మోకరించారు. విశ్వాసులు నిలబడింది ఇలాగే. ఒకరి పక్కన ఒకరు ఉండి నిలబడ్డారు. మనం కూడా ఇలాగే నిలబడగలం.

ప్రియమైన శ్రోతలారా, నేను మాట్లాడుతున్నంతసేపూ మీ మనసులో ఒక పేరు మెదిలి ఉంటుంది. ఈయనకు చెప్పవచ్చు, ఈమెకు చెప్పవచ్చు అని. ఆ పేరును వదిలెయ్యకండి. వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఈరోజు సాయంత్రం లోగా ఆ మనిషికి ఫోను చెయ్యండి, లేదా ఇంటికి వెళ్లండి. నీతో ఒక మాట చెప్పుకోవాలి, తర్వాత నాతో కలిసి ప్రార్థన చెయ్యి అని అడగండి. మీ మనసులో ఎవరి పేరూ మెదలకపోతే, అలాంటి ఒక్క మనిషిని చూపించమని దేవుణ్ణి అడగండి, అడుగుతూనే ఉండండి. మీ దగ్గరికే ఎవరైనా వస్తే చేతిలో పని పక్కన పెట్టి కూర్చోండి. ఒంటరిగా మొయ్యకండి. ఒక్కరికి చెప్పండి. కలిసి ప్రార్థన చెయ్యండి. మన ప్రభువు మిమ్మల్ని చివరిదాకా నిలబెడతాడు.